నురగ మీద నూనె

బూజమ్మ అసలు పేరు ఆమె గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. బూజమ్మ అని పేరు పెట్టింది అత్తగారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు బీరువా వెనక్కి దూరి, తడి గోడకు పట్టిన బూజును దూదిపుల్లతో గోకి గాజు గొట్టంలో దాచుకుంటుంటే ఏ అత్త మాత్రం ఊరుకుంటుంది? "కోడలొస్తే ఇల్లు బూజు దులుపుతుందనుకున్నాను. ఈ మహాతల్లి బూజును పెంచుతోందమ్మా!" అని ఆవిడ ఇరుగుపొరుగు వాళ్ళందరికీ చెప్పి పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచీ ఇంట్లోనూ వీధిలోనూ ఆమె బూజమ్మే. చివరికి పనిచేసే చోట కూడా బూజమ్మే అయింది.

ఆ గోడ బూజు సామాన్యమైంది కాదు. తెల్లటి సన్నని దారాలుగా అల్లుకునే జాతి. పరిశోధనాలయంలో పెంచి సూక్ష్మదర్శిని కింద పెడితే దారాల లోపల కొవ్వు బొట్లు బొట్లుగా మెరిసింది. గింజ నాటకుండా, చేను దున్నకుండా గాజు తొట్టిలోనే నూనె పండించవచ్చని పెద్దసారు అప్పటి నుంచీ సభలెక్కి చెబుతున్నారు. పెద్దసారంటే బూజమ్మ చేత పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసరు. అత్తగారింటి గోడ సంగతి మాత్రం ఆయన ఎక్కడా ఎత్తలేదు. "మా సేకరణలోని ఒక బూజు" అన్నారు. బూజమ్మ అప్పటికి కొత్త. నవ్వేసి ఊరుకుంది.

ఇలాంటి బూజులకు ఒక గుణం ఉంది. చక్కెరా నత్రజనీ రెండూ అందుతున్నంత కాలం అవి ఒళ్ళు పెంచుకుంటాయి, దారం మీద దారం వేస్తాయి. నత్రజని అయిపోయి చక్కెర మాత్రమే మిగిలితే ఇక పెరగలేవు కాబట్టి, ఆ చక్కెరనంతా కొవ్వు చేసి లోపల దాచుకుంటాయి. అంటే కొవ్వు కావాలనుకునేవాళ్ళు బూజును కాస్త ఆకలికి మాడ్చాలి. ఆ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. పెద్దసారు పేరు మోగిపోయింది దీన్ని కాదన్నందుకే. తన బూజు అన్నిటిలాంటిది కాదనీ, నత్రజని నిండిన మాంసకృత్తుల పొడి దండిగా వేసి మేపితే ఒళ్ళూ కొవ్వూ రెండూ పెంచుతుందనీ ఆయన అంకెలు చూపించారు. ఆ మేతకు పుష్టి మేత అని ముద్దుపేరు కూడా పెట్టారు. దాన్ని పెద్ద ఎత్తున వాడుకోవడానికి ఒక కంపెనీ ముందుకొచ్చింది.

ఆ అంకెల్లో ఏదో తిరకాసు ఉందని బూజమ్మకు చేతులు కడుక్కుంటుంటే తెలిసింది.

ఆమె గదిలో రెండు గాజు తొట్లు పక్కపక్కన నడుస్తుంటాయి. అడుగు నుంచి గాలి బుడగలు, మధ్యలో తిరిగే తెడ్డు, నీళ్ళలో దూది ఉండల్లా దొర్లే బూజు. ఒక దానికి పుష్టి మేత, రెండోదానికి ఆకలి మేత. పుష్టి మేతతో ఒక చిక్కుంది. మాంసకృత్తులకు గాలి తగిలితే నురగ తన్నుకొస్తుంది. పొంగి పైకెక్కిందంటే గాలి గొట్టాలు మూసుకుపోయి పెంపకమంతా పాడవుతుంది. అందుకని తొట్టి పక్కన వేడి చేసి చల్లార్చిన వంటనూనె సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అటుగా వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, నురగ కనబడితే ఓ చిమ్ము చిమ్మి పోతారు. నురగ చప్పున చల్లారుతుంది. పెద్దసారు కుర్రతనం నుంచీ ఉన్న అలవాటది. అది మేత కాదు కాబట్టి ఎంత పోశారో ఎవరూ చూసుకోరు.

ఓ మధ్యాహ్నం చేతి తొడుగుల పెట్టె ఖాళీ అయింది. బూజమ్మ వట్టి చేతులతోనే పుష్టి తొట్టిలోని బూజును గుడ్డలో వేసి పిండింది, నీళ్ళతో కడిగింది, మళ్ళీ పిండింది. తర్వాత తన చేతులు సబ్బుతో రుద్దుకుంటే జిడ్డు వదల్లేదు. ఇంకోసారి రుద్దాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆకలి తొట్టి బూజును పిండింది. ఈసారి చేతులకు నీళ్ళే చాలాయి. ఆమె కుళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయింది. బూజు కొవ్వు దారాల లోపల ఉంటుంది. దంచి పిప్పి చేస్తే తప్ప బయటికి రాదు. మరి దంచకముందే చేతికంటిన ఈ జిడ్డు ఎవరిది?

ఆ ప్రశ్న తిన్న తిండి వంటికి పట్టనివ్వలేదు. పుష్టి మేతనే మళ్ళీ చేసింది, ఈసారి చుక్క నూనె లేకుండా. పెద్ద తొట్టి తీసుకుని సగమే నింపింది. నురగ తన ఇష్టమొచ్చినంత ఎగిరినా అంచు దాటలేదు. చివరికి కొవ్వు తీసి తూస్తే పెద్దసారు అంకెలో సగం కూడా లేదు. ఆకలి తొట్టి దీన్ని దాటి చాలా పైన ఉంది. అత్తగారింటి బూజు అన్ని బూజుల్లాంటిదే. తింటే ఎదిగింది, మాడితే కొవ్వు దాచుకుంది. ఇన్నేళ్ళుగా వీళ్ళు తూస్తూ వచ్చింది తాము పోసిన వంటనూనెనే!

పెద్దసారు గదిలో చేపల తొట్టి ఉంది. ఆయన చిటికెడు చిటికెడు మేత వేస్తూ ఆమె చెప్పిందంతా విన్నారు. మంచి మనిషే. బూజమ్మ జబ్బుపడి నెలల తరబడి రాలేకపోయినప్పుడు ఆమె స్థానం పోకుండా నిలబెట్టింది ఆయనే. అందుకే ఆమెకు అక్కడ నిలబడి ఆ మాట చెప్పడం కష్టంగా ఉంది.

"నూనె పోస్తే ఏమవుతుందమ్మా?" అన్నారాయన మెత్తగా. "బూజు ఆ నూనెను కూడా తింటుంది. తిని తన కొవ్వుగా మార్చుకుంటుంది. అప్పుడది బూజు కొవ్వు కాక మరేమిటి?"

"తింటే చేతికెందుకు అంటుతుంది సార్?"

"చేతులతో సైన్సు చేస్తామా?"

"సరే సార్. అయితే చచ్చిన బూజుతో చేసి చూస్తాను. ఆవిరిలో ఉడికించి చంపేసి, అదే మేతలో, అదే నూనెతో తిప్పుతాను. చచ్చింది తినలేదు కదా. దానికీ కొవ్వు పడితే అది మనం పోసిందే."

పెద్దసారు చెయ్యి చేపల తొట్టి మీద ఆగింది. ఆయన తెలివితక్కువవాడు కాదు. ఆ ప్రయోగం ఎటు తిరుగుతుందో ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు ఆయన మొహంలో కనబడింది కూడా. బూజమ్మకు కోపం వచ్చింది అప్పుడే. అంతవరకూ ఆయన పొరబడ్డారనుకుంది.

"చూడమ్మా," అన్నారు కుర్చీలో కూర్చుంటూ. "శుక్రవారం కంపెనీ వాళ్ళు వస్తున్నారు. ప్రదర్శన నువ్వే చెయ్యాలి, పని చేసింది నువ్వు కాబట్టి. రిపోర్టు మీద నా సంతకం పక్కన నీ సంతకం పడాలి. ఆ తర్వాత నీ థీసిస్ మీద నేను సంతకం పెడతాను. ఎన్నేళ్ళ కష్టం నీది! ఇప్పుడు పిచ్చిపనులు పెట్టుకోకు. ఆ ఆకలి తొట్టి ఖాళీ చేసి అందులోనూ పుష్టి మేతే పెట్టు. రెండూ కళకళలాడుతూ ఉండాలి."

"ఆకలి తొట్టి తియ్యను సార్. చచ్చిన బూజు ప్రయోగం కూడా చేస్తాను. మీకు చెప్పకుండా చేశాననిపించుకోవడం ఇష్టం లేక ముందే చెబుతున్నా."

"చేసి?"

"శుక్రవారం బల్ల మీద పెడతాను."

ఆయన నవ్వేశారు. సంతకం ఆశ ఉన్న మనిషి ఎంతవరకు వెళుతుందో తనకు తెలుసన్న నవ్వు అది. ఆ నవ్వు చూసే బూజమ్మ తాడోపేడో తేల్చుకోవాలనుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త అన్నం ముందు కూర్చుని విషయం విని, ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. అతను బస్సు డిపోలో గుమాస్తా. పైవాళ్ళతో పేచీ అంటే అతనికి అసలు పడదు.

"ఒక్క సంతకం," అన్నాడు. "పెట్టేసి డాక్టరువై బయటపడు. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు నిజాలు చెప్పుకో. ఎవరొద్దన్నారు?"

"తర్వాత నిజం చెబితే, ముందు అబద్ధం మీద సంతకం పెట్టిందెవరని అడగరూ?"

"ఎవరడుగుతారు? బూజు గురించి ఈ లోకంలో ఎవరికి పట్టింది చెప్పు!"

"నాకు పట్టింది."

"నీకు పట్టింది, గోడకు పట్టింది," అని గొణిగి అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గోడ మాట వినగానే అత్తగారు మిషను తొక్కడం ఆపింది. ఆవిడ బట్టలు కుడుతుంది. వీధిలో సగం జాకెట్లు ఆవిడ చేతివే. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ ఒకే ఒక్క కోరిక కోరుతోంది, బీరువా వెనక నల్లబడిన ఆ తడి గోడను గీకించి సున్నం వేయించమని. కోడలు ససేమిరా అనేది, కొడుకు నీళ్ళు నమిలేవాడు.

"శుక్రవారం సున్నం వేసే అతన్ని రమ్మన్నాను," అంది అత్తగారు. "ఈసారి మీ ఇద్దరి మాటా వినను. నాలుగు గోడలూ గీకించేస్తున్నా. కుట్టిన బట్టలకు ముక్కిపోయిన వాసన వస్తోందని జనం మొహం మీదే అంటున్నారు."

బూజమ్మ మజ్జిగ గిన్నె భర్త వైపు జరిపింది. ఆ బూజు ఇప్పుడు పరిశోధనాలయంలో గొట్టాల నిండా ఉంది. గోడతో ఇక పని లేదు. "సరే అత్తయ్యా, వేయించుకోండి," అంది.

అత్తగారు కోడలి వంక ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళ పేచీ ఒక్క మాటతో తేలిపోవడం ఆవిడకు నచ్చలేదు. "మీ సారు నూనె పోసింది నువ్వు చూశావా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"నేనూ పోశాను అత్తయ్యా. అందరం పోశాం."

"అయితే పోశామని చెప్పు. దానికి ఇంత ఆలోచనేమిటి?" అని ఆవిడ మళ్ళీ మిషను తొక్కుకుంది.

మర్నాడు బూజమ్మ నూనె లేకుండా పెంచిన పుష్టి బూజులో తూచకుండా మిగిల్చిన సగం తీసి ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరికి చంపింది. చచ్చిందో లేదో తేల్చుకోవడానికి కాస్త తీసి కొత్త మేత మీద వేసి చూసింది. ఒక్క దారం లేవలేదు. మిగిలింది తీసుకెళ్ళి పుష్టి మేత తొట్టిలో వేసి, తెడ్డు తిప్పి, అందరూ చిమ్మినట్టే నురగ లేచినప్పుడల్లా నూనె చిమ్మింది. పక్క గదిలో పనిచేసే, అందరూ నీడ అని పిలిచే కుర్రాడు అది చూశాడు. అతను పెద్దసారు ఎటు వెళ్తే అటు వెళ్తాడు కాబట్టి ఆ పేరు. ఆకలి తొట్టి ఇంకా నడుస్తుండడం చూసి స్విచ్చు మీద చెయ్యి వేయబోయాడు.

"సారు తీసెయ్యమన్నారు అక్కా."

"సారునే వచ్చి తియ్యమను. నువ్వు ముట్టుకున్నావంటే ఈ సీసాడు నూనె నీ నెత్తిన పోస్తా. కొవ్వు లెక్కలోకి నువ్వు కూడా వస్తావు."

నీడ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దసారు రాలేదు. చక్కెర అయిపోయేదాకా ఆకలి తొట్టి తన మానాన తాను నడిచింది.

శుక్రవారం కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న సంచీ, ఎక్కువ మాట్లాడని మనిషి. పెద్దసారు పుష్టి మేత పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటే తల ఊపుతూ విన్నది. బల్ల మీద మూడు గాజు గిన్నెలు ఉన్నాయి. బూజును ఆరబెట్టి, తూచి, దంచి, ద్రావకంలో నానబెట్టి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేసేస్తే అడుగున మిగిలేదే కొవ్వు. మూడు గిన్నెల్లోనూ ఆ పసుపు పొర ఉంది. రెండే ఉండాల్సిన చోట మూడు కనబడేసరికి పెద్దసారు బూజమ్మ వైపు చూశారు. ఆమె తల తిప్పుకోలేదు.

"ఒకటో గిన్నె పుష్టి మేతది. సారు పద్ధతి ప్రకారం చేసింది," అంది బూజమ్మ. "మీరే తూచండి మేడమ్."

ఆవిడ తూచింది. రిపోర్టులో ఉన్న అంకె అచ్చంగా వచ్చింది. పెద్దసారు మొహం విప్పారింది.

"రెండోది తూచండి."

రెండోది ఇంచుమించు అంతే వచ్చింది. "ఇదీ పుష్టి మేతేనా?" అంది ఆవిడ.

"అవునండీ. అదే మేత, అదే బూజు. కాకపోతే ఇది చచ్చిన బూజు."

ఆవిడ కళ్ళజోడు తీసి బూజమ్మ వైపు చూసింది. "చచ్చిందంటే?"

"ఆవిరిలో ఉడికించి చంపాను. దీనికి బతికున్నప్పుడు ఇందులో సగం కొవ్వు కూడా లేదు, చచ్చాక రెట్టింపయింది. నురగ లేస్తే మేం వంటనూనె చిమ్ముతాం మేడమ్. ఈ గదిలో అందరం చిమ్ముతాం, నేను కూడా చిమ్మాను. నీళ్ళతో కడిగితే అది పోదు, బూజుకు అంటుకునే ఉంటుంది. ఇన్నాళ్ళూ దాన్నే బూజు కొవ్వని తూచాం."

"ఇదంతా పిల్లచేష్ట!" పెద్దసారు లేచి నిలబడ్డారు. అంత పెద్ద గొంతు ఆయనకు ఉందని అక్కడ ఎవరికీ తెలియదు. "నీకు బాగా కొవ్వెక్కింది!"

"ఎక్కితే ఎక్కింది సార్. ఈ కొవ్వొక్కటీ ఎవరో నూనె పోస్తే వచ్చింది కాదు," అంది బూజమ్మ. బల్ల అంచు పట్టుకుంది.

కంపెనీ ఆవిడ మూడో గిన్నె తనే తీసుకుని తూచింది. "మరి ఇది?"

"ఆకలి మేత. నురగ రాదు కాబట్టి నూనె అక్కర్లేదు. సారు చెప్పినంత రాలేదు మేడమ్. కానీ వచ్చిందంతా బూజుదే."

ఆవిడ ఆ అంకె కాగితం మీద రాసుకుంది. సంచీ తీసుకుని, పెద్దసారుతో ఒక్క మాట చెప్పింది. "రిపోర్టు ఇప్పుడు పంపొద్దండీ." అంతే, వెళ్ళిపోయింది. కథల్లో అయితే ఆవిడ బూజమ్మను చెయ్యి పట్టుకుని కంపెనీకి తీసుకుపోవాలి. ఆవిడ గుమ్మం దగ్గర వెనక్కి కూడా చూడలేదు.

తలుపు మూసుకున్నాక పెద్దసారు గొంతు మళ్ళీ మెత్తబడింది. "నీ థీసిస్ ఇక నా చేతి మీదుగా వెళ్ళదు. గది తాళం ఇచ్చెయ్యి. ఆ బూజు ఈ ల్యాబు సొత్తు. ఒక్క గొట్టం కూడా గడప దాటకూడదు."

అంత పనీ జరుగుతుందని బూజమ్మ అనుకోలేదు. గది పోతుందనుకుంది, సంతకం పోతుందనుకుంది. బూజే పోతుందని ఆమెకు తట్టలేదు. ఇంకో చోటికి వెళ్ళి, ఇంకో సారు దగ్గర మొదలుపెట్టినా చేతిలో అదుంటే చాలుననుకుంది. నీడ గొట్టాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి, తెల్లకోటు విప్పి మడిచి కుర్చీ మీద ఉంచి బయటికి నడిచింది.

తమ వీధిలో సగం దూరం వచ్చాక గోడ గుర్తొచ్చింది. ఈరోజు శుక్రవారం. సున్నం వేసే అతను వచ్చి ఉంటాడు. వేయించుకోమన్నది తనే! మిగిలిన సగం వీధీ ఆమె పరుగెత్తింది. ఎదురొచ్చిన వాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

ఇంట్లో సున్నం వాసన గుప్పున కొట్టింది. గుమ్మంలో తెల్లటి అడుగుల ముద్రలు. గదిలోకి వెళ్ళి చూస్తే మూడు గోడలు పాలలా మెరిసిపోతున్నాయి. బీరువా గది మధ్యలో ఉంది. నాలుగో గోడకు వీపు ఆనించి, కుట్టుమిషను అడ్డం పెట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది. ఎదురుగా ఆమె కొడుకు ఖాళీ బకెట్టుతో దిక్కులు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"పొద్దున్నుంచీ లేవడంలేదు," అన్నాడతను. "సున్నం అతను బతిమాలి బతిమాలి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ గీకించమని ప్రాణం తీసింది ఈవిడే!"

"గీకించమన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. నా గోడ, నా ఇష్టం," అంది అత్తగారు. తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పి తీరతావని నాకు తెలుసు. చెబితే వాళ్ళు నీ చేతిలో ఏమీ మిగలనివ్వరని కూడా తెలుసు. చెప్పావా?"

"చెప్పాను అత్తయ్యా."

"గొట్టాలు ఇచ్చారా?"

బూజమ్మ తల అడ్డంగా ఊపింది. దారి పొడవునా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. అత్తగారు ఆ ఏడుపును పట్టించుకోలేదు. మిషను సొరుగు లాగి, కొత్త దూదిపుల్లల పొట్లం, మూత గట్టిగా ఉన్న ఖాళీ గాజు సీసా తీసి కోడలి చేతిలో పెట్టింది. సీసా మరిగించి ఆరబెట్టినట్టుంది, లోపల చెమ్మ లేదు.

"ఏడుపు తర్వాత, ముందు పని చూడు," అని మిషను పక్కకు జరిపింది. "ఒరేయ్, అలా చూస్తావేంరా? టార్చి తెచ్చి పట్టు."

అతను టార్చి తెచ్చాడు. వెలుగు పడిన చోట, సున్నం తగలని ఆ నల్లటి గోడ మీద, తెల్లటి దారాలు ఎప్పటిలాగే అల్లుకుని ఉన్నాయి. బూజమ్మ కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని గోకడం మొదలుపెట్టింది.